అకరజే: సాల్వదోర్ వీధివంట పుట్టుపూర్వోత్తరాలు

అకరజే అలసందల పిండితో చేసే వడ. అలసందలను నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ, ఉప్పు కలిపి ఎర్రటి పామాయిల్‌లో వేయిస్తారు. వేగిన వడను నడిమికి చీల్చి, అందులో వటపా అనే మెత్తని ముద్ద, కరురు అనే బెండకాయ కూర, ఎండురొయ్యలు, టమాటా ముక్కలు, మిరపకారం కూరి చేతికిస్తారు. బ్రెజిల్ ఈశాన్య తీరాన బహియా రాష్ట్రానికి రాజధాని అయిన సాల్వదోర్‌లో ఇది సాయంకాలపు తిండి. 2022 జనగణన ప్రకారం 24 లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో ఏ పేటకు వెళ్లినా, ఏదో ఒక కూడలిలో తెల్లటి లేసు దుస్తులు, తలపాగా, మెడలో రంగుపూసల దండలతో మూకుడు ముందు కూర్చున్న మహిళ కనిపిస్తుంది. ఆమెను బయానా అంటారు. ఈ వడ చరిత్రను తవ్వినకొద్దీ రుచుల ముచ్చట కంటే, దాన్ని అమ్ముకునే హక్కు ఎవరిదన్న తగాదాయే ఎక్కువగా బయటపడుతుంది.

అలసంద ఆఫ్రికా పంట. సాగులోకి వచ్చింది అక్కడే. వేల ఏళ్ల కిందటే భారతదేశానికీ చేరింది. తెలుగు ఇళ్లలో బొబ్బర్లని పిలుచుకుని వడలు వేసుకునే గింజ ఇదే. నేటి నైజీరియా నైరుతి ప్రాంతంలోనూ, పక్కనున్న బెనిన్‌లోనూ నివసించే యోరుబా ప్రజలు ఈ వడను అకరా అంటారు. పొద్దున్నే మొక్కజొన్న గంజితో నంజుకుంటారు. నిండు వయసులో పోయిన పెద్దల కర్మలకు అకరా వేయించి పంచే ఆచారం కూడా వారిలో ఉంది. సముద్రం దాటిన తరవాత ఆ పేరుకు తినడమనే అర్థమున్న మరో యోరుబా మాట తోడై అకరజే అయిందని, అది వీధుల్లో అమ్మేవాళ్ల కేకలోంచి పుట్టిందని సాధారణంగా చెబుతారు.

పోర్చుగీసువారు సాల్వదోర్‌ను 1549లో కట్టారు. తొలి గవర్నర్ జనరల్ తొమే ద సౌజా ఎత్తైన గట్టు మీద కోట, పరిపాలన భవనాలు నిలిపాడు. గట్టు కింద రేవు వెలిసింది. పై ఊరు, కింది ఊరు అన్న ఆ విభజన నేటికీ ఉంది. రెంటినీ కలిపే లసెర్దా లిఫ్టు మాత్రం 1873 నాటిది. 1763లో రాజధాని రియో ద జనేరోకు తరలేదాకా బ్రెజిల్‌ను ఇక్కడి నుంచే పాలించారు. ఊరి పక్కనున్న అఖాతం చుట్టూ ఉన్న చెరకు తోటల్లో, చక్కెర మిల్లుల్లో పనికి ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చింది ఈ రేవుకే. మొత్తం మీద బహియాలో దిగినవారు 15 లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. తొలి శతాబ్దాలలో అంగోలా, కాంగో ప్రాంతాల వారు ఎక్కువ. 18వ శతాబ్దంలో వ్యాపారం ఎక్కువగా బెనిన్ తీరానికి మళ్లింది. బహియా పొగాకు అక్కడ బాగా చెల్లేది. 19వ శతాబ్దం మొదట్లో యోరుబాల ఒయో సామ్రాజ్యం అంతర్యుద్ధాలలో కూలిపోవడంతో, బందీలైన యోరుబాలు వేలకు వేలుగా సాల్వదోర్ చేరారు. అకరా ఇతర రేవులైన రియోలోనో, రెసీఫెలోనో కాక ఇక్కడే ఇంతగా వేళ్లూనడానికి కారణం ఇదే.

ఊళ్లో దింపిన బానిసలందరూ చెరకు తోటలకు పోలేదు. చాలామందిని యజమానులు వీధుల్లోకి సంపాదనకు పంపేవారు. మగవాళ్లు మూటలు, పల్లకీలు మోశారు; ఆడవాళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని వండిన తిండి అమ్మారు. రోజుకో వారానికో ఇంత అని యజమానికి కట్టాలి, పైన మిగిలింది తమది. ఆ మిగులు కూడబెట్టి తమ విముక్తి పత్రాన్ని తామే కొనుక్కున్న స్త్రీలు సాల్వదోర్‌లో ఎందరో ఉన్నారు. స్వేచ్ఛ పొందాక కూడా చాలామంది అదే తట్ట పట్టారు, ఈసారి తమ కోసం. ఆ వీధి వ్యాపారం నగరంలోని పెద్దలకు రుచించలేదు. 18వ శతాబ్దం చివర ఇక్కడ గ్రీకు భాష బోధించిన లూయిస్ దోస్ శాంతోస్ విల్యేనా తన లేఖల్లో, గొప్పింటివారు కూడా తమ బానిస స్త్రీల చేత ఇలాంటి తిండ్లు వీధుల్లో అమ్మిస్తున్నారని ఈసడించుకుంటూ వాటి జాబితా ఇచ్చాడు. అకరజే, అదే పిండిని అరటాకులో ఉడికించే అబరా, వటపా, కరురు అన్నీ అందులో ఉన్నాయి. ఈ వంటల గురించి దొరికే తొలినాటి రాతల్లో అదొకటి. చీదరించుకుంటూ రాసినవాడే నేటి పరిశోధకులకు పెద్ద ఆధారం కావడం విల్యేనా ఊహించని సంగతి.

1835 జనవరిలో ముస్లిం ఆఫ్రికన్లు ముందుండి నడిపిన మాలే తిరుగుబాటు సాల్వదోర్‌ను కుదిపింది. దాన్ని అణిచివేశాక ప్రభుత్వం విముక్తులైన ఆఫ్రికన్ల మీద ప్రత్యేక పన్ను వేసింది, అనుమానం ఉన్నవాళ్లను దేశం దాటించింది. కొందరు తమంతట తామే పశ్చిమ ఆఫ్రికా తీరంలోని లాగోస్‌కు, వైదాకు తిరిగి వెళ్లారు. ఆ కుటుంబాలు బ్రెజిల్ వంటను వెంట తీసుకుపోయాయి. లాగోస్‌లో గుడ్ ఫ్రైడేనాడు వండే ఫ్రెజోన్ అనే చిక్కుడుగింజల కొబ్బరిపాల పాయసం అలా వెళ్లినదే. రుచులు అట్లాంటిక్‌ను ఒక దిక్కుకే దాటలేదు.

అకరజేకు వీధి కంటే పాత స్థానం గుడిలో ఉంది. యోరుబాల దేవతారాధన బహియాలో కందోంబ్లే మతంగా నిలబడింది. గాలివానకు, మెరుపుకు అధిదేవత అయిన ఇయాన్సాకు ఈ వడే నైవేద్యం. ఆమె భర్త, ఉరుముల దేవుడు షాంగో నిప్పు మింగే కథతో దీన్ని ముడిపెడతారు. మరిగే ఎర్రనూనెలో తేలే వడ నిప్పుకణికకు గుర్తు. ఇయాన్సా దీక్ష తీసుకున్న స్త్రీలు మొక్కుగా అకరజే అమ్మడం ఒకప్పుడు సాధారణం. బయానాల మెడలో పూసల రంగులు ఎవరు ఏ దేవతకు చెందినవారో తెలిపేవి. బేరం మొదలయ్యే ముందు మొదటి వాయిలో చిన్న వడలు కొన్ని దేవతల పేర తీసి ఉంచే పద్ధతి ఇంకా పాటించేవారున్నారు. కందోంబ్లే పూజలకు పోలీసుల అనుమతి కావాలన్న నిబంధన బహియాలో 1976 దాకా రద్దు కాలేదు. అంటే గుడిలో పూజ చేసినందుకు దాడులు జరిగిన కాలంలోనే, అదే నైవేద్యం నడివీధిలో బహిరంగంగా అమ్ముడవుతూ వచ్చింది.

తయారీలో కష్టమంతా పిండి దగ్గరే. ఎండు అలసందలను బద్దలు చేసి నానబోస్తారు; పొట్టు నీటిపైకి తేలుతుంది. ఎన్ని నీళ్లు మారిస్తే పిండి అంత తెల్లన. మిక్సీలు, మిల్లులు రాకముందు దీన్ని గరుకు రాతి పలక మీద, అడ్డంగా దొర్లించే రాతి పొత్రంతో నూరేవారు, మన సన్నికల్లు మాదిరిగానే. బహియా వంటల మీద తొలి గ్రంథాల్లో ఒకటి రాసిన నల్లజాతి మేధావి మనుయెల్ కెరీను ఆ రాయిని కొలతలతో సహా వర్ణించాడు. ఆ పుస్తకం ఆయన పోయాక 1928లో వెలువడింది. రుబ్బిన పిండిలో ఉల్లిపాయ, ఉప్పు తప్ప ఇంకేమీ పడవు. తరవాత కొయ్య గరిటెతో గాలి చేరేదాకా గిలకొట్టాలి. వడ లోపల దూదిలా గుల్లబారడం, పైన కరకరలాడటం ఆ చేతి బలం మీదే ఆధారపడుతుంది. నూనె మాడిపోకుండా మూకుట్లో ఒక ఉల్లిపాయ వేసి ఉంచుతారు. అదే పిండిలో ఎండురొయ్యలు, ఎర్రనూనె కలిపి అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తే అబరా. దాదాపు ప్రతి బయానా దగ్గరా రెండూ ఉంటాయి.

ఆ నూనె పేరు దెందే. ఆయిల్‌పామ్ పశ్చిమ ఆఫ్రికా చెట్టు. బానిస ఓడల కాలంలోనే బహియా తీరానికి వచ్చి, సాల్వదోర్‌కు దక్షిణాన వలెంసా పరిసరాల్లో అడవి మొక్కలా అల్లుకుపోయింది. ఆ తీరాన్ని ఇప్పుడు దెందే తీరమనే పిలుస్తారు. ఏలూరు, ఖమ్మం ప్రాంతాల తోటల్లో పెంచేదీ ఇదే చెట్టు. అయితే తెలుగునాట పాకెట్లలో దొరికే పామాయిల్ శుద్ధిచేసి రంగు, వాసన తీసేసినది. దెందేను శుద్ధి చేయరు. పండు గుజ్జులోని కెరోటిన్ వల్ల అది కుంకుమ ఎరుపులో, ఘాటు వాసనతో ఉంటుంది. ఆ రంగు, ఆ వాసన లేకుండా వేయించినది అకరజే కాదని సాల్వదోర్ జనం తేల్చి చెబుతారు.

లోపల కూరే వటపా ఇంకా పెద్ద కలగలుపు. రొట్టె పోర్చుగీసుది. వేరుశనగ దక్షిణ అమెరికాది. జీడిపప్పు బ్రెజిల్ ఈశాన్య తీరపు సొంత పంట. పోర్చుగీసువారు భారతదేశానికి తెచ్చి నాటిన జీడిమామిడికి పుట్టిల్లు ఇదే. కొబ్బరి హిందూ మహాసముద్రపు తీరాల నుంచి వచ్చింది. గోవా నుంచి లిస్బన్‌కు తిరిగివెళ్లే ఓడలు తరచు సాల్వదోర్‌లో ఆగేవి. ఊరి పెరళ్లలో పనస, మామిడి ఇంతగా కనిపించడానికి ఆ రాకపోకలే కారణం. వీటికి అల్లం, ఎండురొయ్యలు, దెందే చేర్చి చిక్కగా కలియబెడితే వటపా. బెండకాయ కూర కరురుకు వేరే గౌరవం ఉంది. సెప్టెంబరు 27న కవల సాధువులు కోజ్మే, దమియావుల పేర, అంటే యోరుబాల కవల దేవతల పేర, ఇళ్లలో పెద్ద ఎత్తున కరురు వండి ముందుగా ఏడుగురు పిల్లలకు పెడతారు. సరుకంతా తెలియాలంటే అఖాతం ఒడ్డున ఉన్న సావ్ జువకీం సంతకు వెళ్లాలి. ఎండురొయ్యల గుట్టలు, దెందే సీసాలు, పూజాసామగ్రి అన్నీ అక్కడ పక్కపక్కనే అమ్ముతారు. దానికి ముందున్న ఆగువా ద మెనీనోస్ సంత 1964లో తగలబడిపోయింది.

బ్రెజిల్‌లో బానిసత్వం 1888 మే 13న రద్దయింది. దానికి ముందూ తరవాతా బతుకుతెరువు కోసం బహియా నుంచి రియోకు వలసపోయిన స్త్రీలు అక్కడి వీధుల్లోనూ అదే తెల్ల దుస్తులతో తినుబండారాలు అమ్మారు. వారిలో పేరున్న తియా సియాతా ఇంట్లో కూడిన సంగీతకారుల నుంచే రియో సాంబా రూపుకట్టిందంటారు. నేటికీ కార్నివాల్‌లో ప్రతి పెద్ద సాంబా బృందంలో బయానాల వరుస తప్పనిసరి. 1939లో సాల్వదోర్ కవి, గాయకుడు దొరివాల్ కైమీ పాటతో నటి కార్మెన్ మిరాందా బయానా వేషంలో తెర మీద కనిపించాక, ఆ తలపాగా, ఆ పూసలు ప్రపంచానికి బ్రెజిల్ గుర్తులయ్యాయి. అసలు అకరజే వేయించే మహిళకు దాంతో ఒరిగిందేమిటన్నది వేరే ప్రశ్న.

కాళ్లకు పనిచెప్పి తిరిగే అమ్మకం 20వ శతాబ్దంలో క్రమంగా ఒకేచోట కుదురుకున్న బల్లగా మారింది. ఆ కాలంలోనే వడ తీరు కూడా మారింది. పూర్వం చిన్న వడకు కాస్త మిరపకారం పూసి ఇచ్చేవారు. నిలబడి కడుపునింపుకునే పట్టణ జనం పెరిగేసరికి వడ పిడికిలంత అయింది, చీల్చి అన్నీ కూరడం వచ్చింది. ఇవాళ రియో వెర్మెల్యో పేటలో సాయంత్రమయ్యేసరికి దిన్యా, సీరా, రెజీనా పేర్లతో నడిచే బల్లల ముందు బారులు తీరుతారు. ఎవరిది మేలు అన్న వాదన ఆ ఊళ్లో తెగేది కాదు. బయానా అడిగే తొలి ప్రశ్న వేడిదా, చల్లదా అని. అది కారం సంగతి, వడ సంగతి కాదు. తెలియక వేడిది అన్న పరదేశి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు.

డిసెంబరు 4న సాల్వదోర్ పాత ఊరైన పెలోరిన్యో వీధుల్లో ఎరుపు, తెలుపు బట్టలు కట్టిన జనంతో సాంత బార్బరా ఊరేగింపు సాగుతుంది. చర్చి లెక్కలో ఆమె కాథలిక్ సాధ్వి, భక్తుల లెక్కలో ఇయాన్సా. నల్లజాతీయుల రోజారియో చర్చి దగ్గర మొదలై, అగ్నిమాపక కేంద్రం మీదుగా ఆమె పేరున్న మార్కెట్‌కు చేరాక కరురు పంచుతారు.

తగాదాలు మాత్రం ఆగలేదు. 1998లో నగరపాలక సంస్థ బయానాల దుస్తులకు, బల్లలకు నియమాలు పెట్టింది. 2005లో బ్రెజిల్ జాతీయ వారసత్వ సంస్థ బయానాల వృత్తిని దేశపు సాంస్కృతిక సంపదగా నమోదు చేసింది. వడను కాక, వడ చేసి అమ్మే పనిని నమోదు చేయడం ఆ నిర్ణయంలో కీలకం. ఎవాంజెలికల్ చర్చిల్లో చేరిన కొందరు అమ్మకందార్లు దేవతల ఊసు లేకుండా దీన్నే యేసు పేరు పెట్టి అమ్మబోతే బయానాల సంఘం ఎదురుతిరిగింది. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్ పోటీలప్పుడు స్టేడియాల చుట్టుపక్కల వీధి వ్యాపారం ఉండరాదన్న ఫీఫా నిబంధన సాల్వదోర్‌లోని ఫోంతి నోవా స్టేడియం దగ్గర దశాబ్దాలుగా అమ్ముతున్నవారిని తరిమేసేలా కనిపించింది. సంతకాల సేకరణ, నిరసనలు సాగాక వారిలో కొద్దిమందికి స్టేడియం ఆవరణలోనే చోటిచ్చారు. ఆ తరవాత ఈ పని బ్రెజిల్ ప్రభుత్వపు అధికారిక వృత్తుల జాబితాలోకీ ఎక్కింది. మగవాళ్లు కూడా ఇప్పుడు బల్లలు పెడుతున్నారు. రుబ్బి సిద్ధంగా ఉన్న పిండి కొని తెచ్చుకునేవారూ పెరిగారు. దేశంలో పామాయిల్ ఎక్కువగా పండేది ఉత్తరాన పరా రాష్ట్రంలో. అందులో చాలా భాగం పరిశ్రమలకు పోతుంది. బహియాలో ముదురు చెట్ల నుంచి చిన్న రైతులు తీసే దెందే దిగుబడి తగ్గిన ఏడు సాల్వదోర్ కూడళ్లలో అకరజే ధర పెరుగుతుంది.