రంగము ప్రయాణములు

బోగోలు మండలమందలి జువ్వలదిన్నె తీరమున నిలిచి, ఎదుటి సముద్రముమీద నేరుగా తూర్పునకొక గీత గీచితిమేని, అది అండమాను దీవులకు ఉత్తరముగా సాగి, సుమారు 1900 కిలోమీటర్ల దూరమున, తవాయి పట్టణమునకు ఎగువను బర్మాదేశపు నేలను తాకును. ఆ గీతపొడుగునను నీరే కాని వేఱొక రాజ్యము లేదు. పొరుగూరికి పోవుటకు సైతము తోడు వెదకుకొను కాలమున, అక్షరము రానివారు, చేత చిల్లిగవ్వ లేనివారు, ఆలుబిడ్డలను ఇంట విడిచి ఈ నీటిని దాటిపోయిరి. ఒకమాఱు పోయి వచ్చినవాడు మఱల పోయెను. మఱల వచ్చి మఱల పోయెను. విదేశయాత్రలనగానే సీమకు పోయి పట్టములు తెచ్చుకొన్న విద్యావంతుల యాత్రలు మనకు ముందుగా స్ఫురించును. నేను వ్రాయదలచినది రంగము ప్రయాణములను గూర్చి. రంగూను పట్టణమును మన ఉత్తర తీరపు జనులు రంగమని పిలిచిరి. పరదేశపు టూరికి ఇంటిపేరువంటి పేరు పెట్టుకొనుటయే ఆ ఊరితో వారికి గల చనువును తెలుపుచున్నది.

సముద్రయానము మనకు క్రొత్త గాదు. శాతవాహనుల నాణెములపై రెండు తెరకొయ్యల ఓడ బొమ్మ కలదు. మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము, తుపానునకు చిక్కి ఒడ్డునబడిన ఓడల సరకును పూర్వపు రాజులవలె తాను హరింపనని, సుంకము మాత్రమే గైకొందునని వర్తకులకు మాట యిచ్చినది. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి సింహళమునుండి ఏనుగులను, చీనానుండి పట్టును తెప్పించిన ఘనుడు. కాని యివి వర్తకుల యాత్రలు. వారికి రాజు శాసనము వేయించెను, కవి కావ్యము వ్రాసెను. కూలికి పోయినవానికి శాసనమును లేదు, కావ్యమును లేదు. మేస్త్రీ పద్దుల పుస్తకమున ఒక వరుసయు, ఓడ టిక్కెట్టును మాత్రమే వాని యాత్రకు సాక్ష్యములు.

ఇచట ఒక మాట చెప్పక తీరదు. బ్రాహ్మణ యువకుడు చదువునకై సీమకు పోవచ్చునా, పోయివచ్చినవానికి ప్రాయశ్చిత్తమెట్టిదని మన పండితులు సభలు చేసి తర్కించుచున్న దినములలోనే, వేలకొలది తెలుగు కూలీలు యేటేటా సముద్రమును దాటి వచ్చుచుండిరి. వారి విషయమై ఏ సభయు కూడలేదు. శాస్త్రము వారిని అనుమతించెనని కాదు; శాస్త్రము వారివంక చూడనేలేదు. ఈ యుపేక్ష వారికి ఉపకారమయ్యెనని నవ్వుకొనవచ్చును. కాని, చరిత్ర వ్రాసినవారును వారిని అట్లే యుపేక్షించిరి కదా!

బర్మాయే యేల? 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైన పిమ్మట ఐరావతీనది లంకభూములలో అడవి నఱికి వరి వేయసాగిరి. 1869లో సూయజు కాలువ తెఱచుటతో ఆ బియ్యమునకు యూరపు సంత దగ్గఱయ్యెను. తొలుత పది లక్షల ఎకరములకు లోపుగా నున్న దిగువ బర్మా వరిసాగు 1930 నాటికి ఎనుబది లక్షల ఎకరములను దాటెను. కోయుటకు, తూర్పారబట్టుటకు, మిల్లులలో దంచుటకు, ఓడలకెత్తుటకు చేతులు కావలసియుండెను. ఈ యొడ్డున గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములలో చేతులు హెచ్చు, కూలి తక్కువ. అచటి కూలి ఇచటి కూలికంటె ఎంతయో హెచ్చు. ఇంతకంటె వేఱు కారణమును వెదకనక్కఱలేదు.

ప్రయాణపు సన్నాహమున మాత్రము చూడదగిన నేర్పు గలదు. బర్మాలో కోతలు కార్తీక మార్గశిరములలో మొదలగును. సంక్రాంతి దాటిన పిదప ధాన్యము మిల్లులకు చేరి, ఎండకాలము నడుమవఱకు మిల్లులు ఎడతెగక ఆడుచుండును. తొలకరినాటికి అచట పని సన్నగిల్లును. ఇచట దుక్కి మొదలగును. కావున మనవాడు దసరా దాటగానే పోయి, ఏరువాకకు ముందుగా రాగలిగెనేని రెండు దేశముల పనికాలములను తన రెండు చేతులతోనే అందుకొనగలడు. పంచాంగము చూచి ముహూర్తము పెట్టుకొన్నవాడు వాడేయైనను, ఆ ముహూర్తమును నిర్ణయించినది రెండు తీరముల వాన. ఇట్లు ఒక పంటకే పోయివచ్చువారు కొందఱు. రెండు మూడేండ్లు నిలిచి, కొంత కూడబెట్టి, కొన్ని నెలలు ఇంట గడిపి, చేతి సొమ్ము కరగినంతనే మఱల ఓడ యెక్కువారు పెక్కుమంది.

దారి ఖర్చు మేస్త్రీ యిచ్చును. అది దానము గాదు, బదులు. టిక్కెట్టు వెలయు, ఇంట విడిచిపోవుటకిచ్చిన రూకలును కూలినుండి కోసికొనువఱకు పనివాడు మేస్త్రీ చేతిలోనివాడు. బ్రిటిషిండియా కంపెనీ స్టీమరులు కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ఆగుచుండెడివి. ఓడ ఒడ్డునకు రాదు. దూరమున లంగరు వేసికొని నిలుచును. పడవలో పోయి, అలలమీద ఊగుచు ఓడనెక్కవలెను. పైతట్టు ప్రయాణమునకు డెక్కు అని పేరు. అచట మనుష్యునకు దొరకునది తన చాప పఱచినంత మేర. మూడు నాలుగు దినములలో రంగూను. మన నెల్లూరు తీరపు రేవులకు ఆ స్టీమరుల కాలమున ఇట్టి భాగ్యముగాని దౌర్భాగ్యముగాని పట్టలేదు. కృష్ణపట్టణము తిరిగి పెద్ద రేవగుట 2008లోని మాట. బోగోలునుండి పోదలచినవానికి బిట్రగుంటలో రైలెక్కి చెన్నపట్టణమునకు పోవుటయే త్రోవ.

కోరంగి గోదావరీ ముఖమున ఒకప్పటి గొప్ప రేవు. 1839లోని ఉప్పెనయు, నదిమేటయు దానిని చెఱచినవి. రేవు పోయినను దాని పేరు సముద్రము దాటి మిగిలినది. బర్మావారు తెలుగు కూలీని కోరంగీ యని పిలిచిరి. తొలుత ఊరి పేరు, తరువాత మనుష్యుని పేరు, తుదకు తిట్టు. ఓడలకు బియ్యపు మూటలనెత్తినవాడును, రిక్షా లాగినవాడును, వీథుల పాకీపని చేసినవాడును ఆ కోరంగీయే. 1931 జనాభా లెక్కలలో రంగూను నగరపు జనులు 4,00,415; అందు భారతీయులు 2,12,929. ఆ నగరమున సగముకంటె హెచ్చు మనవారే. బర్మా మొత్తమున పది లక్షలకు పైబడిన భారతీయులలో తెలుగువారు సుమారు లక్షన్నర. కూలీల బసలలో ఒక్కొక్క గదిలో ఎంతమంది పండుకొనవచ్చునో చట్టము చెప్పెను. ఆ సంఖ్యకు మించి పండుకొనుట వాడుకగా నుండెను. పగటి పనివాడు లేచిన చాపపై రాత్రి పనివాడు ఒరిగెడివాడు. ఈ బసలను గూర్చి ఆండ్రూ అను వలస శాఖోద్యోగి 1933లో ప్రకటించిన గ్రంథమును, 1931లో వెలువడిన రాయల్ లేబరు కమిషను నివేదికను చదివినవారికి, ఆ జీవితమును కష్టము అను నొక్క మాటతో చెప్పి ఊరకుండుట సాధ్యముగాదు.

ఆ నివేదికలలో మగవారి కూలి, బస, వ్యాధి, బాకీ అన్నియు ఉన్నవి. ఇంట మిగిలిన ఆడవారు లేరు. బర్మాలోని భారతీయులలో స్త్రీ యొకతెకు పురుషులు ఇరువురకు మించియుండిరి; తెలుగువారిలో ఈ భేదము మఱింత హెచ్చు. అనగా లక్షలోపు ఇల్లాండ్రో, తల్లులో ఈ యొడ్డున ఒంటరిగా నిలిచిరన్నమాట. అతనికి ఒంటరి ప్రయాణమైనది ఆమెకు ఒంటరి కాపురము. పొలము కౌలు, పెద్దల రోగము, పిల్లల పెండ్లి, షావుకారు వడ్డీ, వీనినన్నిటిని ఆమెయే మోసినది. అతడు పంపిన మనియార్డరు వచ్చినదాక అప్పు, వచ్చిన దినమున అప్పు తీర్పు. ఉత్తరము వచ్చినయెడల చదువరియైన పరాయివాని నోట మగని మాట వినవలసినదే. బదులు చెప్పవలెనన్నను మఱియొకని చేతనే వ్రాయింపవలెను; మనసులోనిది పరులయెదుట ఎంతమాత్రము చెప్పగలదు? స్త్రీవిద్య యేలయని అడిగిన ఆ కాలపు పెద్దలకు నేనైనచో మఱియే వాదమును చూపక, ఈ యుత్తరములను చూపియుందును.

మఱియొక సంగతి మన యిండ్లలో మెల్లగా చెప్పుకొనునది. రంగమున రెండవ కాపురము పెట్టినవారును కలరు. బర్మా స్త్రీ మన స్త్రీవలె గోషాలోనిది కాదు. అంగడి నడపును, ఆస్తి కలిగియుండును. అట్టిదానిని పెండ్లాడినట్లు నమ్మించి, తొలకరికి ఓడయెక్కి వెడలిపోయిన భారతీయులనుగూర్చి అచటి పత్రికలు మండిపడెను. ఆ కోపము వట్టిది గాదు. బౌద్ధ స్త్రీల వివాహమునకును వారసత్వమునకును రక్షగా 1939లో బర్మా శాసనసభ ప్రత్యేక చట్టమును చేసెను. మనవారిని వారు కష్టపెట్టిరని చెప్పునపుడు, మనవారు పెట్టిన కష్టమును గూడ అదే పుటలో వ్రాయవలెను. ఒక మగని ప్రయాణమునకు రెండు తీరములందును స్త్రీలే సుంకము చెల్లించిరి.

ఇంత కష్టమైన చోటికి మఱల మఱల యేల పోయిరి? బాకీ యొక కారణము. కాని దానితోనే సరిపుచ్చుట నాకు న్యాయముగా దోపదు. ఊరిలో తల వంచుకొని నడచినవాడు రంగమున తన కూలిని తాను లెక్కపెట్టుకొనెను. కులమును బట్టి దూరముగా నిలువమను వీథి అచట లేదు. లేదనుటకంటె, ఉన్నను వాని నొక్కనినే చూచు కన్నులు లేవనుట యుక్తము. తిరిగివచ్చి, కొత్త తుండుగుడ్డ వేసికొని అరుగుమీద కూర్చుండి ష్వేడగాన్ పగోడా బంగారు శిఖరమును వర్ణించువానిని ఊరు వినెను. ఆ వినుటయే వానికి దొరకిన గౌరవము. జ్ఞాపకము అట్టిది, బసలోని నల్లులను మఱచి శిఖరమును నిలుపుకొనును. ఆ జ్ఞాపకమే మరుసటి యేటి ప్రయాణమునకు పెట్టుబడి యయ్యెను.

1930 మే నెలలో ఈ లెక్క తప్పెను. రంగూను రేవున తెలుగు హమాలీలు కూలి పెంచుమని పని మానిరి. గుత్తదారులు వారికి బదులు బర్మా కూలీలను పెట్టిరి. సమ్మె తీఱి తెలుగువారు పనికి రాగా, 26వ తేదీని ఆ బర్మావారిని పొమ్మనిరి. ఆకలితో వచ్చిన ఇరువురు కూలీలను ఒక్క పనిమీద పెనవేసి, గుత్తదారులు ప్రక్కకు తొలగిరి. తరువాతి దినములలో వందకు పైగా జనులు, ముఖ్యముగా తెలుగువారు, వీథులలో చంపబడిరి. వేలకొలది కూలీలు దొరకిన ఓడయెక్కి ఇంటికి వచ్చిరి. అప్పటికే ప్రపంచమున బియ్యపు ధర పడిపోవుచుండెను. రైతు భూమి కోల్పోయి, తానును కూలికై నగరమునకు రాజొచ్చెను. 1937 ఏప్రిలు 1న బర్మా భారతదేశమునుండి విడిపోయెను. నిన్నటిదాక ఒక దొరతనము క్రిందనున్న రేవు నేడు పరదేశమయ్యెను. 1941లో రెండు ప్రభుత్వములు చేసికొన్న వలస ఒప్పందము, ఎవడెన్నేండ్లు బర్మాలో నివసించెనో లెక్కగట్టి వాని హక్కును నిర్ణయింప దలచెను. పోవుచు వచ్చుచు ఉండినవానికి ఇంతకంటె క్రూరమైన ప్రశ్న లేదు. ఇంటిని మఱవక తిరిగివచ్చిన ప్రతి ప్రయాణమును వాని లెక్కలో ఒక లోటయ్యెను.

ఆ ఒప్పందము సరిగా నడువకముందే, 1941 డిసెంబరు 23న జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసెను. రేవు ప్రక్కన పనిచేయు మనవారు వీథులలో గుంపులుగా నిలిచి ఆకసమును చూచుచుండిరట. చచ్చినవారిలో వారే పెక్కుమంది. 1942 మార్చి 8న నగరము జపాను వశమయ్యెను. ఓడలు చాలలేదు, ఉన్న ఓడలలో చోటు దొరకినది డబ్బు గలవారికి. తక్కినవారు నడచిరి. అరకాను కొండలమీదుగా కొందఱు, తాము మీదుగా మణిపురమునకు కొందఱు, హుకాంగు లోయ బురదలో మఱికొందఱు. నాలుగైదు లక్షలమంది భారతదేశమునకు చేరిరి. దారిలో కలరా, మలేరియా, ఆకలి తీసికొన్నవారు వేలకు వేలు. మూడు దినములలో దాటు నీటికి బదులు నెలలకొలది అడవి. ఇది వారు ముందుగా సన్నాహము చేసికొనని యొక్క ప్రయాణము.

యుద్ధానంతరము కొందఱు మఱల పోయిరి. 1948లో బర్మా స్వతంత్రమయ్యెను. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చి, మఱి రెండేండ్లలో అంగళ్లను జాతీయము చేసెను. 1964 మొదలుకొని ఓడలు విశాఖపట్టణమునకును చెన్నపట్టణమునకును లక్షలకొలది జనులను తెచ్చి దింపినవి. విశాఖలో కంచరపాలెము వైపు బర్మా క్యాంపు అను పేటకు ఆ పేరు ఇట్లు వచ్చినది. ఈసారి దిగినవారిలో ఆడవారును పిల్లలును కూడ నుండిరి. ఆ పిల్లలలో పెక్కుమంది అచటనే పుట్టి, బర్మాభాషలో బడికి పోయినవారు. వారికి ఈ యొడ్డు తల్లిదండ్రుల మాటలలో విన్న దేశము. మోల్మేనులోను రంగూనులోను నేటికిని తెలుగు కుటుంబములు కలవు. వారిని చూచుటకు, పుట్టిన వీథి యున్నదో లేదో తెలిసికొనుటకు, ఆ పిల్లలు ముసలివారై ఇప్పుడు విమానపు టిక్కెట్టు ధర అడుగుచున్నారు.