దోహా: ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ఆతిథ్యమిచ్చిన నగరం

అరేబియా ద్వీపకల్పపు తూర్పు తీరాన, పర్షియన్ సింధుశాఖలోనికి బొటనవ్రేలివలె చొచ్చుకొనిపోయిన చిన్న దేశం ఖతార్. దాని రాజధాని దోహా. తెలుగు పల్లెలకు ఈ పేరు ఫుట్‌బాల్ వలన తెలిసినది కాదు. గల్ఫ్‌కు పోయిన కొడుకో, అల్లుడో, మరిదో ఉండే చోటుగా దుబాయి, మస్కట్, కువైట్‌ల సరసన దశాబ్దాలుగా ఇండ్లలో వినబడుతున్న పేరు అది. 2022 నవంబరు 20 నుంచి డిసెంబరు 18 వరకు ఆ నగరమే ప్రపంచ ఫుట్‌బాల్‌కు కేంద్రమైనది. అరబ్బు దేశంలో జరిగిన తొలి ప్రపంచ కప్ అది. మే, జూన్, జూలై నెలలను విడిచి నవంబరు, డిసెంబరులలో జరిగిన తొలి ప్రపంచ కప్ కూడా అదే.

ఆ నెల రోజులలో దోహా చూడబోయిన ప్రేక్షకునికి కనిపించిన నగరం ఒకటి. దానిని కట్టి, ఊడ్చి, కాపలా కాచి, బస్సులు నడిపినవారు నివసించే నగరం మరొకటి. రెండింటికీ నడుమ దూరం ఇరవై కిలోమీటర్లకు మించదు. అక్కడికి పోదలచిన కుటుంబాలు రెండింటినీ ఎరిగి ఉండవలసిన అవసరమున్నది.

ముత్యాల రేవు

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు దోహా ముత్యాల వేట మీద బ్రతికిన రేవు. జపానువారు పెంపకపు ముత్యాలను విపణిలోకి తెచ్చిన పిమ్మట, 1930వ దశకంలో ఆ వ్యాపారం కూలిపోయి జనం పస్తులుండవలసి వచ్చినది. దుఖాన్ ప్రాంతంలో చమురు 1940 నాటికే బయటపడినా, రెండవ ప్రపంచ యుద్ధం అడ్డువచ్చి ఎగుమతి 1949లో గాని మొదలుకాలేదు. ఇప్పటి పాఠకులకు వింతగా తోచే విషయమొకటి ఉన్నది: 1966 వరకు ఖతార్‌లో చెలామణి అయినది భారత రూపాయే. 1959 నుంచి భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతం కొరకే వేరుగా నోట్లు ముద్రించేది. 1971 సెప్టెంబరు 3న ఖతార్ స్వతంత్ర దేశమైనది. ఆ తరువాత సహజవాయువు దానిని అత్యంత సంపన్న దేశాల వరుసలో నిలిపినది. నేటి జనాభా సుమారు 30 లక్షలు. అందులో పదింట తొమ్మిది వంతుల వరకు విదేశీయులే. వారిలో భారతీయులదే పెద్ద పాలు.

సముద్రపు ఒడ్డున వంపు తిరిగిన కార్నిష్ బాటపై, నోరు తెరచిన ముత్యపు చిప్ప శిల్పమొకటి నేటికీ ఆ పాత బ్రతుకును గుర్తుచేస్తున్నది.

ఒక్క ఊరిలో ఎనిమిది క్రీడాంగణాలు

2010 డిసెంబరు 2న జూరిక్ నగరంలో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2022 పోటీలను ఖతార్‌కు కట్టబెట్టినది. ఆ నిర్ణయంపై విమర్శలు చివరివరకు ఆగలేదు. అయితే సందర్శకుని కోణం నుంచి చూసినప్పుడు దానిలో ఒక సౌలభ్యం ఉన్నది. బ్రెజిల్‌లో (2014), రష్యాలో (2018) ఒక పోటీ నుంచి మరొక పోటీకి విమానంలో వేల కిలోమీటర్లు తిరిగిన అభిమానులకు, ఇక్కడ అన్నిటికన్న దూరమైన రెండు క్రీడాంగణాల మధ్య దూరం 75 కిలోమీటర్లు మాత్రమే. తొలి రోజులలో ఒకే దినాన రెండు పోటీలను క్రీడాంగణంలో కూర్చొని చూసినవారు అనేకులు.

ఇది సాధ్యమైనది మెట్రో రైలు వలన. 2019లో మొదలైన దోహా మెట్రో ఎరుపు, ఆకుపచ్చ, బంగారు వర్ణాల మూడు మార్గాలుగా సాగుతుంది. మూడూ ముషేరిబ్ స్టేషనులో కలుస్తాయి. పోటీల కాలంలో ప్రేక్షకులకు ప్రయాణం ఉచితం. రాత్రి ఆట ముగియగానే వేలకొలది జనం స్టేషను దారి వెదికేవారు. సూఖ్ వాఖిఫ్ బజారు వద్ద ఎత్తైన కుర్చీలో కూర్చొని, నురుగుతో చేసిన పెద్ద చేతిని చూపుతూ "మెట్రో ఇటు" అని పాటవలె పలికిన ఒక కెన్యా దేశపు యువ కార్మికుడు ఆ నెలలో ఆటగాళ్ళతో సమానంగా ప్రసిద్ధి పొందాడు. గుంపు కూడా అతనికి వంతపాడేది.

క్రీడాంగణాలలో లుసైల్ పెద్దది. దాదాపు 89 వేల మంది పడతారు. అర్జెంటీనా, ఫ్రాన్స్ జట్ల తుది పోరు అక్కడే జరిగినది. 3-3తో సమమై, పెనాల్టీలలో 4-2తో అర్జెంటీనా గెలిచినది. ఆ దినం ఖతార్ జాతీయ దినం కూడా. కప్పు అందుకొనేముందు లియొనెల్ మెస్సీ భుజాలపై ఆ దేశపు అమీరు నల్లని పలుచని బిష్త్ కప్పిన దృశ్యం లోకమంతా చూసినది. తొలి ఆట జరిగిన అల్ బైత్ క్రీడాంగణం ఎడారి సంచారుల గుడారం రూపంలో ఉంటుంది. అక్కడ ఆతిథ్య జట్టు ఈక్వెడార్ చేతిలో 0-2తో ఓడినది. తరువాతి రెండు ఆటలలోనూ ఓడి ఇంటిదారి పట్టినది. అల్ తుమామా అరబ్బు పురుషులు తలపాగా కింద ధరించే గహ్ఫియా టోపీని పోలినది.

వీటన్నిటిలో ప్రత్యేకంగా చూడదగినది రేవు పక్కనున్న 974వ స్టేడియం. ఓడలలో సరుకు పంపే ఇనుప పెట్టెలు, అంటే కంటెయినర్లు, 974 వాడి దానిని నిర్మించారు. ఖతార్ అంతర్జాతీయ టెలిఫోను సంకేతం కూడా 974. ఆటలు ముగిశాక విప్పి వేరొక చోటికి తరలించేందుకు అనువుగా కట్టిన తొలి ప్రపంచ కప్ క్రీడాంగణం అదే. మిగిలిన ఏడింటిలో చల్లని గాలి యంత్రాలుండగా, దీనికి సముద్రపు గాలే ఆధారం.

బస, ప్రవేశం, ఖర్చు

2022 నవంబరు 1 నుంచి ఖతార్ ప్రభుత్వం సాధారణ సందర్శక వీసాలను తాత్కాలికంగా నిలిపివేసి, ఆట టికెట్టుతో ముడిపడిన హయ్యా కార్డునే ప్రవేశపత్రం చేసినది. హోటళ్ళు చాలక రేవులో విహార నౌకలను నిలిపి గదులుగా ఇచ్చారు. ఎడారిలో రాత్రికి సుమారు 200 డాలర్ల అద్దెతో డేరాలు, రేకుల గదులు వేశారు. కొన్ని చోట్ల అతిథులు వచ్చేనాటికి అవి పూర్తికానేలేదు. అనేకులు దుబాయిలో బస చేసి ఉదయం విమానంలో వచ్చి రాత్రికి తిరిగిపోయారు. క్రీడాంగణాల చుట్టూ బీరు అమ్మరాదన్న నిర్ణయం ఆటలకు రెండు దినాల ముందు వెలువడినది. దాని వలన ఐరోపా అభిమానులు గొణిగినా, కుటుంబాలతో వచ్చినవారు, ముఖ్యంగా స్త్రీలు, నిశ్చింతగా ఉన్నామన్నారు.

భారతదేశంలో ఉండి చూసినవారికి కాలం అనుకూలించినది. దోహా గడియారం రెండున్నర గంటలు వెనుక. అక్కడి మధ్యాహ్నం ఒంటిగంట ఆట ఇక్కడ మూడున్నరకు, సాయంత్రం ఏడింటి ఆట రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చేవి.

టికెట్ల విషయంలో ఒక మేలు జరిగినది. ఖతార్‌లో నివసించేవారికి మాత్రమే 40 రియాళ్ళ టికెట్టు కేటాయించారు. అది దొరికిన కూలీలు తాము కట్టిన మెట్ల మీద కూర్చొని ఆట చూడగలిగారు. దొరకనివారికి పారిశ్రామిక వాడ పక్కన ఏసియన్ టౌన్‌లోని క్రికెట్ మైదానంలో పెద్ద తెరలు అమర్చారు. క్రికెట్ మైదానం అక్కడ ఉండటమే ఆ వాడలో ఎవరుంటారో చెబుతుంది.

కట్టినవారి నగరం

దోహాకు నైరుతి దిక్కున ఉన్న ఈ పారిశ్రామిక వాడకు మెట్రో రైలు నేరుగా పోదు. వరుసలుగా వీధులు, వాటిలో గిడ్డంగులు, మరమ్మతు శాలలు, ఒక్కొక్క గదిలో పలువురు పడుకొనే వసతి గృహాలు. ఉత్తర తెలంగాణలోని పాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వలస ఎంత పాతదో అందరికీ తెలిసినదే. ఆ దారిన సరిహద్దు గ్రామాలవారూ పోయారు.

ఒకప్పుడు కఫాలా పద్ధతిలో కార్మికుడు యజమాని అనుమతి లేనిదే ఉద్యోగం మారరాదు, దేశం విడిచి పోరాదు. 2018లో అత్యధికులకు నిష్క్రమణ అనుమతి రద్దయినది. 2020లో ఉద్యోగం మారేందుకు యజమాని అంగీకారపత్రం అవసరం లేదని చట్టం చేశారు. 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1000 రియాళ్ళు, నాటి మారకంలో సుమారు 20 వేల రూపాయలు. యజమాని వసతి చూపకుంటే 500, భోజనం పెట్టకుంటే 300 రియాళ్ళు అదనం. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని నిషిద్ధం. ప్రపంచ కప్ రాకపోయి ఉంటే ఈ మార్పులు ఇంత వేగంగా వచ్చేవి కావు. చట్టం ఉన్నంత మాత్రాన జీతం బకాయిలు ఆగలేదన్నది కూడా అంతే నిజం.

మరణాల లెక్కపై వివాదం నేటికీ తేలలేదు. భారత, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా కార్మికులు పదేండ్లలో ఖతార్‌లో మరణించారని 2021 ఫిబ్రవరిలో బ్రిటిష్ పత్రిక గార్డియన్ వెల్లడించినది. అందులో భారతీయులు 2,711 మంది. వీరందరూ క్రీడాంగణాలలో పనిచేసినవారు కారు. జనాభాను బట్టి ఈ సంఖ్య అసహజం కాదని ఖతార్ వాదించినది. టోర్నమెంటు పనులతో ముడిపడిన మరణాలు 400 నుంచి 500 మధ్య ఉండవచ్చునని నిర్వాహక సంస్థ ప్రధాన కార్యదర్శి హసన్ అల్ తవాదీ 2022 నవంబరులో ఒక ముఖాముఖిలో అన్నారు. అది దేశమంతటి పని మరణాల సంఖ్య అని ఆ సంస్థ తరువాత సవరణ ఇచ్చినది. సంఖ్య కన్న బాధాకరమైన సంగతి మరొకటి. అనేక మరణ పత్రాలపై కారణం చోట "సహజ మరణం" అని మాత్రమే ఉన్నది. ముప్పై ఏండ్లవాడు రాత్రి పడుకొని తెల్లవారి లేవకపోతే అది ఎట్లా సహజమని అడిగేందుకు శవపరీక్ష జరగదు, పరిహారమూ అందదు.

ఆటల తరువాత

2024 జనవరి, ఫిబ్రవరి నెలలలో ఆసియా కప్ కూడా ఇక్కడే జరిగినది. ఆతిథ్య జట్టే గెలిచినది. భారత జట్టు ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1 తేడాతో ఓడి ఒక్క గోలూ చేయకుండానే వెనుదిరిగినది. అయినా అక్కడి భారతీయులు నీలి చొక్కాలతో భారీగా తరలివచ్చారు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఇదే దేశం 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచినదని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. 2025 నవంబరులో 17 ఏండ్లలోపు బాలుర ప్రపంచ కప్, డిసెంబరులో అరబ్ కప్ కూడా దోహాలోనే జరిగినవి.

పోదలచినవారికి

నవంబరు నుంచి మార్చి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. వేసవిలో పోవడం వృథా ప్రయాస. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, ముంబయిల నుంచి నేరుగా విమానాలు నడుస్తూ వచ్చాయి. వీసా నియమాలు మారుతుంటాయి గనుక హయ్యా వేదికలోను, భారత రాయబార కార్యాలయం ప్రకటనలలోను సరిచూసుకొన్న తరువాతనే టికెట్టు కొనడం మంచిది. బహిరంగ స్థలాలలో భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు ధరించాలి. ఐ. ఎం. పెయ్ రూపొందించిన ఇస్లామీయ కళల ప్రదర్శనశాల, ఎడారి గులాబీ ఆకారపు జాతీయ ప్రదర్శనశాల చూడదగినవి. ముషేరిబ్‌లోని బిన్ జెల్మూద్ ఇల్లు ఆ ప్రాంతపు బానిసత్వ చరిత్రను దాచకుండా చూపుతుంది. దానిని చాలామంది యాత్రికులు చూడకుండానే తిరిగి వస్తారు.

రెండు జాగ్రత్తలు మరువరానివి. మొదటిది, తెలిసినవారు ఇచ్చినా సరే, విప్పి చూడని పొట్లం సామానులో పెట్టుకోరాదు. 2019లో బంధువు ఇచ్చిన సంచిలో మాదకద్రవ్యం దొరికి ముంబయికి చెందిన దంపతులు దోహాలో జైలు పాలయ్యారు. నిర్దోషులుగా బయటపడేసరికి 2021 వచ్చినది. నొప్పి, దగ్గు మందులలో కొన్ని అక్కడ నిషిద్ధం. వైద్యుని చీటీ వెంట ఉండాలి.

రెండవది మరింత ముఖ్యమైనది. ఆటల పేరు చెప్పి, సందర్శక వీసాపై పంపి, అక్కడ పని ఇప్పిస్తామనే ఏజెంట్లను నమ్మరాదు. సందర్శక వీసాపై పనిచేయడం నేరం. పదవ తరగతి చదవనివారి పాస్‌పోర్టుపై ఖతార్‌కు ఉద్యోగానికి పోవాలంటే ఈ-మైగ్రేట్ ద్వారా వలస అనుమతి పొందాలి. ఆ దారిన పోయినవారికే ప్రవాసీ భారతీయ బీమా వర్తిస్తుంది. రెండేండ్లకు 275 రూపాయల రుసుముతో ప్రమాద మరణానికి 10 లక్షలు. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల సాయం ఆ రాష్ట్రవాసులకే. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోని తెలుగు ఇంటికి అది అందదు. వారికి ఆ బీమా పత్రమే దిక్కు.

బంధువును చూడబోయేవారు శుక్రవారం ఎన్నుకోవాలి. కార్మికులలో ఎక్కువమందికి సెలవు దినం అదే.