అనంతశయనం అయ్యంగార్, మాడభూషి (1891–1978)

నేటి తిరుపతి జిల్లాలోని తిరుచానూరులో జన్మించి, చిత్తూరులో న్యాయవాదిగా పేరుపొంది, 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికైన పార్లమెంటేరియన్. రాజ్యాంగ సభ శాసనసభగా సమావేశమైన 1948 ఏప్రిల్ 3న ఆయన ప్రతిపాదించిన తీర్మానం ఆయన చర్చాజీవితంలో శిఖరప్రాయమైనది. మతం, జాతి, కులం ప్రాతిపదికన సభ్యత్వమిచ్చే లేదా నిరాకరించే సంస్థలను మత, సాంస్కృతిక, సామాజిక, విద్యావసరాలకు మించిన కార్యకలాపాలలోకి అనుమతించరాదన్న ఆ తీర్మానాన్ని నెహ్రూ సమర్థించగా సభ ఆమోదించింది. గాంధీజీ హత్య జరిగి అప్పటికి రెండు నెలలే. 1950లో ఏర్పడిన అంచనాల సంఘానికి, అనగా ప్రభుత్వ వ్యయంలో పొదుపును పరిశీలించే సభ్యుల సంఘానికి, తొలి అధ్యక్షుడు ఆయనే. అప్పటి స్పీకర్ మావలంకర్ మరణానంతరం 1956లో లోక్‌సభ స్పీకరై, 1962 వరకు కొనసాగి, పిదప బీహారు గవర్నరుగా పనిచేశారు.