కారు చుక్కాని, కమానులు

రథోత్సవము చూచినవారందరు ఎరిగిన విషయ మొకటి కలదు. తేరు తిన్నని వీథిలో సాగునంతవరకు మోకులు లాగువారిదే పని. మలుపు వచ్చినంతనే చక్రముల ప్రక్క నడచువారిది పని. వారు చక్రముల క్రింద కొయ్యమొద్దులు త్రోసి, ఒకవైపు అడ్డగించి, ఒకవైపు వదలి, అంత పెద్ద తేరును కొంచెము కొంచెముగా త్రిప్పుదురు. ఏలయన దాని ఇరుసులు ప్రక్కకు తిరుగవు. రెండు చక్రముల ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. ఎడ్లు తిరిగినచో బండియు తిరుగును. నాలుగు చక్రములు చేరిననాడే, బండి తిరుగుట యెట్లు అను ప్రశ్న పుట్టినది. నేడు మన కారు ఒకవైపునకు లాగినను, చేతిలో చుక్కాని వణకినను, ఆ పాత ప్రశ్నయే మరల తల యెత్తినదని గ్రహింపవలెను.

ఐరోపాలోని గుర్రపుబండ్లకు ముందటి ఇరుసును నడుమ నొక సీలపై నిలిపి, ఇరుసంతయు తిరుగునట్లు చేసెడివారు. ఇందు రెండు కీడులు గలవు. ఇరుసు బాగుగా తిరిగినపుడు బండికి ఆధారము ఇరుకై బోల్తాపడు భయము కలుగును. ఒక చక్రము రాతికి తగిలినచో ఆ దెబ్బకు ఇరుసంతయు ప్రక్కకు విసరబడును. మ్యూనిచ్ నగరమున బండ్లు చేయు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దీనికి విరుగుడు కనిపెట్టెను. ఇరుసును కదలనీయక, దాని రెండు కొనలయందు చక్రములకు వేరువేరు కీళ్లు అమర్చెను. ఆయన పక్షమున 1818లో ఇంగ్లండున పేటెంటు పుచ్చుకొన్నవాడు లండనులో నివసించు రుడాల్ఫ్ ఆకర్మన్. ఊహ ఒకరిది, పేరు మరియొకరిది! మలుపులో లోపలి చక్రము చిన్న వలయమున పోవును గనుక, అది వెలుపలి చక్రముకన్న కొంచె మెక్కువ తిరుగవలెను. ఈ లెక్కను నేటికిని ఆకర్మన్ పద్ధతి యనియే పిలుచుచున్నారు.

గుర్రము పోయి ఇంజను వచ్చిన పిదపను ఈ చిక్కు వెంటనే తీరలేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన బండికి మూడే చక్రములు. నాలుగు చక్రముల బండిని తృప్తిగా త్రిప్పు ఉపాయము ఆయనకు అప్పటికి కుదరలేదు. 1893లో అది కుదిరి, విక్టోరియా అను నాలుగు చక్రముల బండి వెలువడెను. తొలి కార్లలో పెక్కింటిని పడవ చుక్కానివలె ఒక పిడికర్రతో త్రిప్పెడివారు. చక్రము రాతికి తగిలినచో ఆ కర్ర చేతిని విదిలించుకొని పోయెడిది. 1894లో పారిస్ నుండి రువాన్‌కు జరిగిన పందెమున వషెరాన్ అను నాతడు తన బండికి గుండ్రని చుక్కాని అమర్చెను. క్రమముగా అదియే నిలిచినది.

ఇక కమానుల సంగతి. 1804లో ఇంగ్లండున ఒబదయ్య ఎలియట్ ఉక్కుపట్టీల కమానులకు పేటెంటు పొందెను. మన జట్కాల క్రిందను లారీల క్రిందను కనబడు కమాను పట్టీలు ఈ జాతివే. పట్టీకి పట్టీ రాచుకొనుటచే ఊపు కొంత తగ్గును. కారు వేగము హెచ్చిన కొలది ఆ రాపిడి చాలలేదు. 20వ శతాబ్ది తొలి యేండ్లలో ఊపును అణచు సాధనములు, అనగా షాక్ అబ్సార్బర్లు, వాడుకలోనికి వచ్చెను. బరువును మోయునది కమాను. ఊపును ఆపునది షాక్ అబ్సార్బరు. ఈ భేదము తెలియకయే పలువురు మంచి కమానులను మార్పించి డబ్బు పోగొట్టుకొందురు.

1920 తరువాత ఒక వింత వ్యాధి కనబడెను. ముందు చక్రములకు బ్రేకులు వచ్చెను. తక్కువ గాలి గల మెత్తని లావు టైర్లు వచ్చెను. అంతట ఒకానొక వేగమున ముందు చక్రములు తమంతట తాము అటునిటు కొట్టుకొన సాగెను. కారణ మేమి? తిరుగుచున్న బొంగరమును ఒక ప్రక్కకు వంచి చూడుడు. అది ఆ వైపునకే ఒరగక, అడ్డముగా మరియొక దిక్కునకు మరలును. చక్రమును అట్టిదే. రెండు చక్రములు ఒకే ఇరుసుపై నున్నపుడు ఒకటి మిట్ట యెక్కినచో ఇరుసు ఒరగును, రెండును వంగును, వంగిన చక్రములు ప్రక్కకు తిరుగును, ఆ తిరుగుట ఇరుసును మరల ఒరగించును. దోషము చుక్కానిలో లేదు, కమానులో లేదు. ఆ రెంటి పొత్తులో నున్నది.

ఈ విషయమును పట్టుదలతో పరిశోధించినవారిలో మారిస్ ఆలీ ఒకడు. రోల్స్‌రాయిస్ సంస్థలో పనిచేసి, 1930లో అమెరికాలోని కాడిలాక్‌కు వచ్చిన ఆంగ్లేయుడాయన. బరువులను ముందు వెనుకలకు జరుపుటకు వీలైన ఒక పెద్ద కారును కట్టి, దానిలో కూర్చుండి, ఏ యమరికలో ఒడలికి సుఖముగా నుండునో పరీక్షించెను. ముందు కమానులు వెనుకవానికంటె మెత్తగా నుండవలెనని తేలినది. కాని ఒంటి ఇరుసుతో ముందు కమానులను అంత మెత్తన చేసినచో చక్రముల వణకు పెరుగును. కావున ఇరుసునే తీసివేసి, ప్రతి చక్రమును వేరువేరుగా ఆడనిచ్చిరి. ఇటలీలో లాన్సియా లాంబ్డా 1922లోనే ఈ దారి త్రొక్కియుండెను. 1934లో జనరల్ మోటార్స్ కార్లకు ఇది వచ్చిన పిదప ఒంటి ఇరుసు కాలము క్రమముగా ముగిసెను.

మన దేశమున 1957 నుండి 2014 వరకు కలకత్తా చెంత ఉత్తరపాడాలో తయారైన అంబాసిడరు ఈ చరిత్ర కంతటికి ఒక ప్రదర్శనశాల. ముందు చక్రములకు వేరువేరుగా మెలిపడు ఉక్కుకడ్డీలు. వెనుక జట్కానాటి కమాను పట్టీలు!

ఈ కథ తెలిసినవారికి కారు చెప్పు మాట సులభముగా బోధపడును. కారు ఒకవైపునకు లాగుచున్నచో మొదట టైర్ల గాలి చూడవలెను. పిదప ఒక చక్రము బ్రేకు పట్టుకొనియున్నదేమో చూడవలెను. ఆ తరువాతనే అలైన్‌మెంటు. చుక్కానిని త్రిప్పినను చక్రములు వెంటనే కదలనిచో కీళ్లు అరిగినవన్నమాట. ఒకరు చుక్కానిని మెల్లగా అటునిటు ఆడింపగా మరియొకరు కడ్డీల కీళ్లను గమనించినచో ఏది వదులో కంటికే కనబడును. ఒకే వేగమున వణకు పుట్టినచో మొదట చక్రముల తూకము సరిచూపవలెను. ఆగియున్న కారు మూలను బలముగా నొక్కి వదలుడు. ఒకటి రెండు ఊపులకు నిలువనిచో షాక్ అబ్సార్బరు పని ముగిసినది. టైరు ఒక అంచుననే అరుగుచున్నచో చక్రముల వాలు తప్పినది.

మరమ్మతునకు ఒక క్రమము కలదు. అరిగిన కీలును మార్చక అలైన్‌మెంటు మాత్రము చేయించుట, గోడ పగులుండగా సున్నము వేయుటవంటిది. ముందు కీళ్లు, పిదప కొలతలు. అణగియున్న కమానును ఇంటిలో విప్పబూనరాదు. అందు దాగిన బలము ప్రాణము తీయగలదు. ఆ పని తగిన సాధనములున్న పనివానికే వదలవలెను.

ఒక్క మాట. చుక్కాని ఒక్కనాటిలో చెడదు. అది దినదినము కొంచెము వదులగును. మన చేయియు దినదినము ఆ వదులునకు అలవాటుపడును. ప్రమాదమంతయు ఈ అలవాటులోనే యున్నది. కావున ఏడాదికి రెండుమూడు మారులైనను మీ కారును దాని నెరుగని మరియొక చేతి కిచ్చి నడిపించి చూడుడు. మీ చేయి మరచిన దానిని ఆ క్రొత్త చేయి మొదటి మలుపులోనే చెప్పును.