జాతీయ దినాన పూరెమ్మ: ఆస్ట్రేలియాలో లీక్, డాఫొడిల్, వాటిల్

వేల్స్ ప్రజల జాతీయ దినం మార్చి 1, సెయింట్ డేవిడ్స్ డే. ఆరో శతాబ్దపు మతగురువు సెయింట్ డేవిడ్ 589లో ఆ రోజునే కన్నుమూశాడని సంప్రదాయం. ఆ రోజు వెల్ష్ వాళ్లు కోటుకు లీక్ కాడ గానీ డాఫొడిల్ పువ్వు గానీ తగిలించుకుంటారు. లీక్ ఉల్లి కుటుంబపు కూర. సాక్సన్లతో జరిగిన ఒక యుద్ధంలో తమవాళ్లను గుర్తుపట్టడానికి వెల్ష్ సైనికులు దాన్ని టోపీలో దోపుకున్నారని ఒక కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా ఆచారం మాత్రం పాతదే. షేక్‌స్పియర్ ‘ఐదో హెన్రీ’ నాటకంలో ఫ్లూయెలెన్ అనే వెల్ష్ అధికారి, లీక్‌ను ఎగతాళి చేసినవాడిచేత దాన్నే తినిపిస్తాడు. డాఫొడిల్‌కు అంత వయసు లేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో, లాయిడ్ జార్జ్ వంటి వెల్ష్ నాయకుల ఆదరణతో అది లీక్ పక్కన చేరింది. మార్చి మొదట్లో, చలి తగ్గే వేళ వేల్స్‌లో పూసే పువ్వు కావడం దానికి కలిసొచ్చింది.

ఈ ఆచారం ఆస్ట్రేలియాకు బంగారు గనుల కాలంలో చేరింది. 1851లో విక్టోరియాలో బంగారం బయటపడ్డాక వేల్స్ నుంచి గని పనివాళ్లు వచ్చి బాలరాట్, సెబాస్టొపోల్ పట్టణాల్లో స్థిరపడ్డారు. వాళ్ల వెనకే ప్రార్థనా మందిరాలు, గాన బృందాలు, ఐస్టెద్‌వొద్ అనే కవితా సంగీత పోటీలు వచ్చాయి. 1866 నుంచి 1872 వరకు ‘అర్ ఒస్ట్రాలిద్’ అనే వెల్ష్ మాసపత్రిక నడిచింది. మెల్‌బోర్న్ లాట్రోబ్ వీధిలో 1871లో కట్టిన వెల్ష్ చర్చి నేటికీ ఉంది.

ఈ వలస చరిత్రలో విడిగా చెప్పుకోవలసిన మనిషి జోసెఫ్ జెంకిన్స్. ట్రెగారన్ ప్రాంతపు రైతు. యాభై ఏళ్ల వయసులో ఇల్లూ భార్యాబిడ్డలనూ వదిలి 1869లో విక్టోరియా చేరాడు. మూట భుజాన వేసుకుని ఊరూరా కూలిపని చేస్తూ పాతికేళ్లు గడిపాడు, రోజూ డైరీ రాశాడు. బాలరాట్‌లో సెయింట్ డేవిడ్స్ డేకి జరిగే పోటీల్లో ‘ఎంగ్లిన్’ పద్యానికి వరసగా 13 ఏళ్లు మొదటి బహుమతి అతనిదే. ఎంగ్లిన్ అంటే 30 అక్షరాల నాలుగు పాదాల పద్యం. ప్రాసా, లోపలి అక్షర మైత్రీ తప్పకూడదు. పగలంతా కాలువలు తవ్వే కూలి ఇంత కట్టుదిట్టమైన ఛందస్సును ప్రాణంగా పట్టుకున్నాడంటే, జాతీయ దినం అతనికి ఎంత అవసరమో తెలుస్తుంది. 1894లో స్వదేశం వెళ్లిపోయాడు. డైరీలు చాలాకాలం అటక మీదే ఉండిపోయి, 1975లో పుస్తకంగా వచ్చాయి.

తేదీ సముద్రం దాటినంత సులువుగా పువ్వు దాటలేదు. దక్షిణార్ధగోళంలో మార్చి 1 శరదృతువుకు మొదటి రోజు. ఆస్ట్రేలియా దక్షిణ ప్రాంతాల్లో డాఫొడిల్ పూసేది చలికాలం చివర, జులై నుంచి సెప్టెంబరు దాకా. కాబట్టి అక్కడి వెల్ష్ కుటుంబాలకు ఆ రోజు తాజా పువ్వు తోటలో దొరకదు. కూరగాయల అంగట్లో దొరికే లీక్ కావాలి, లేదా గుడ్డతోనో కాగితంతోనో చేసిన పువ్వు కావాలి.

ఆ నేలకు తగిన పువ్వు కోసం వెతుకులాట ఆస్ట్రేలియాలోనే పుట్టిన తరంలో మొదలైంది. వాళ్లకు దొరికింది వాటిల్. మన తుమ్మకు చుట్టం, అదే తీరున చిన్నచిన్న పసుపు బంతులుగా పూస్తుంది. 1838లో హోబార్ట్ పడవ పందేల వేడుకకే జనం వాటిల్ రెమ్మలు పెట్టుకున్నారు. 1890 ప్రాంతంలో అడిలైడ్‌లో పత్రికా రచయిత విలియం సౌడెన్ పూనికతో ‘వాటిల్ బ్లాసమ్ లీగ్’ ఏర్పడింది గానీ ఎంతోకాలం నిలవలేదు. 1899లో మెల్‌బోర్న్ పక్షిశాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ జేమ్స్ క్యాంప్‌బెల్ వాటిల్ క్లబ్ పెట్టి, ఏటా సెప్టెంబరులో పూలు చూడటానికి జనాన్ని అడవికి తీసుకెళ్లాడు. సిడ్నీ వృక్షోద్యానం అధిపతి జె. హెచ్. మెయిడెన్ నాయకత్వంలో 1909లో వాటిల్ డే లీగ్ మొదలైంది. మరుసటి ఏడు, 1910 సెప్టెంబరు 1న సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్ నగరాలు తొలి వాటిల్ డే జరుపుకున్నాయి. వేల్స్‌కు వసంతం తెచ్చే మార్చి 1కీ ఆస్ట్రేలియాకు వసంతం తెచ్చే సెప్టెంబరు 1కీ మధ్య సరిగ్గా ఆరు నెలలు.

పోటీ లేకపోలేదు. సిడ్నీ మ్యూజియం అధికారి ఆర్. టి. బేకర్ ఎర్రని వరాటా పువ్వు పక్షాన వాదించాడు. తుమ్మ జాతులు ఆఫ్రికా, ఆసియాల్లోనూ ఉన్నాయి, వరాటా మాత్రం ఆస్ట్రేలియా సొంతం అన్నది అతని వాదన. శాస్త్రరీత్యా గట్టి మాటే. అయినా వరాటా అన్ని రాష్ట్రాల్లోనూ పూయదు. వాటిల్‌ను దారిపక్కన ఎవరైనా తుంచుకోవచ్చు. జాతీయ చిహ్నానికి అలా అందరికీ అందడమే ముఖ్యమని నా అభిప్రాయం. వరాటా 1962లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర పుష్పమైంది.

వాటిల్ ఉద్యమానికి దన్నుగా నిలిచిన ‘ఆస్ట్రేలియన్ నేటివ్స్ అసోసియేషన్’ అక్కడే పుట్టిన శ్వేతజాతి పురుషుల సంఘం. వాటిల్ గింజను దంచి తిన్న, బంకనూ బెరడునూ మందుగా వాడిన ఆదివాసులకు అందులో చోటు లేదు. ఈ పువ్వు చరిత్ర రాసేవారు దీన్ని దాటవేయకూడదు.

1912లో జాతీయ రాజముద్రలో కంగారూ, ఈమూల వెనక వాటిల్ కొమ్మలు చేరాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వాటిల్ రెమ్మలూ బ్యాడ్జీలూ అమ్మి సైనికుల సహాయానికి నిధులు కూడబెట్టారు. టర్కీ తీరాన గలిపోలి పోరు ఇంకా సాగుతుండగానే, 1915 సెప్టెంబరు 7న అడిలైడ్ వాటిల్ డే లీగ్ వాటిల్ చెట్ల మధ్య ఒక స్మారక స్తంభం నిలిపింది. న్యూ సౌత్ వేల్స్ 1916లో, ముందే పూసే రకాలు రెడ్‌క్రాస్ అమ్మకాలకు అందేలా, వేడుకను ఆగస్టు 1కి జరిపింది. ఇలా రాష్ట్రానికో తేదీ అయ్యాక పండగ క్రమంగా పలచబడింది.

అయినా పువ్వు జనం మనసులో నిలిచే ఉంది. 1999 జులైలో స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ దగ్గర కొండవాగు పొంగి 21 మంది చనిపోయారు. వారిలో 14 మంది ఆస్ట్రేలియన్లు. గవర్నర్ జనరల్ విలియం డీన్ కాన్‌బెరాలోని తన అధికార నివాసపు తోట నుంచి 14 వాటిల్ రెమ్మలు తీసుకెళ్లి ఆ వాగులో వదిలాడు. ఏ శాసనమూ చెప్పని పని అది. చూసినవాళ్లకు వివరణ కూడా అక్కర్లేకపోయింది.

వాటిల్‌కు అధికారిక గుర్తింపు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చింది, అదీ ఆలస్యంగానే. 1975లో నెలకొల్పిన ‘ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా’ పతకాన్ని వాటిల్ పువ్వు ఆకారంలో చేశారు. 1984లో ఆకుపచ్చ, బంగారు వన్నెలు జాతీయ వర్ణాలయ్యాయి. 1988 ఆగస్టు 19న గోల్డెన్ వాటిల్, అంటే అకేసియా పిక్నాంతా, జాతీయ పుష్పమైంది. 1992లో సెప్టెంబరు 1ని దేశమంతటికీ జాతీయ వాటిల్ దినంగా ప్రకటించారు. దానికి సెలవు లేదు. జాతీయ దినంగా సెలవిచ్చే జనవరి 26 బ్రిటిష్ నౌకలు 1788లో దిగిన రోజు కావడంతో ఆదివాసులు దాన్ని సంతాప దినంగా పాటిస్తారు. దాని స్థానంలో వాటిల్ దినాన్ని పెట్టాలన్న ప్రతిపాదన కొందరి నుంచి వస్తూనే ఉంది.