ముగియని మృతుల పట్టిక

1945 ఆగస్టు 6 ఉదయం 8:15కి హిరోషిమా మీద పేలిన అణుబాంబును ఒక్క క్షణపు సంఘటనగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ అలవాటే అసలు నష్టాన్ని దాచేస్తుంది. ఆ ఏడాది చివరికి మృతులు సుమారు 1,40,000 మందని అంచనా. వారిలో వారాల తర్వాత పోయినవాళ్లూ ఉన్నారు. పైకి చిన్న గాయమైనా కనిపించనివాళ్లకు జుట్టు ఊడింది, చిగుళ్ల నుంచి నెత్తురు కారింది, ఒంటి మీద ఊదా మచ్చలు తేలాయి. చూడాల్సిన వైద్యుల్లో, నర్సుల్లో అత్యధికులు అప్పటికే చనిపోయారు లేదా గాయపడ్డారు.

మార్చిలో టోక్యో మీద కురిసిన మామూలు నిప్పుబాంబులూ ఒక్క రాత్రిలో దాదాపు లక్షమందిని చంపాయి కదా, అణుబాంబుకు ప్రత్యేకత ఏమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, టోక్యో మృతులు తక్కువవారేమీ కాదు. అయితే ఆ మంట ఆరాక కొత్త రోగాన్ని పుట్టించలేదు. హిరోషిమాలో రెండేళ్లు గడిచాక రక్తక్యాన్సర్లు పెరగసాగాయి. బాంబు పడినప్పుడు రెండేళ్ల పాప అయిన ససాకి సదాకో, పన్నెండేళ్ల వయసులో 1955లో ఆ జబ్బుతోనే కన్నుమూసింది. 1947లో వచ్చిన అమెరికా పరిశోధక బృందం బాధితులను పరీక్షించింది, రాసుకుంది. వైద్యం మాత్రం దాని పని కాదట! జపాన్ ప్రభుత్వం వైద్యసహాయ చట్టం తెచ్చేసరికి 1957 వచ్చింది. ఈలోగా పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో ఎందరో తాము బాధితులమన్న మాటే దాచుకున్నారు. హిరోషిమా స్మారకం కింది రాతిపెట్టెలో మృతుల పేర్ల పుస్తకాలున్నాయి. వాటిలో ఇప్పటికీ ఏటా కొత్త పేర్లు చేరుతున్నాయి.