కోట బురుజూ, కాశీ మైదానమూ

సిరిమాను రోజున మా విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నిలబడితే ఊపిరాడదు. చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. గుడి నుంచి కోట దాకా, కోట నుంచి గుడి దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది. అరటిపళ్లు విసిరే చేతులతో వీధంతా నిండిపోతుంది. చిన్నప్పుడు నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని ముందు కోట బురుజు చూపించేవారు. మా ఊరి రాజులైన పూసపాటి వారు అక్కణ్నుంచే అమ్మవారిని చూసుకుంటారు. పైడితల్లి వాళ్లింటి ఆడపడుచే కదా. బొబ్బిలి యుద్ధానంతరం అన్నగారు పోయారని పెద్దచెరువులో కలిసిపోయిన తల్లి.

బురుజు మీద నిలబడ్డ వాళ్ల పేర్లు చెబుతూ చెబుతూ నాన్న ఒక పేరు దగ్గర ఆగేవారు. "విజ్జీ గారు ఇక్కడ పుట్టినా కాశీలో స్థిరపడ్డారురా. మన శిస్తులేరా అక్కడ క్రికెట్ ఆడినవి" అనేవారు. ఆ మాటలో కోపం ఉందో, గర్వం ఉందో అప్పట్లో నాకు తెలిసేది కాదు. రెండూ ఉన్నాయని ఇప్పుడనిపిస్తుంది.

ఇంతకీ ఆ శిస్తుల సంగతేమిటి? 1713లో కోట కట్టిన నాటి నుంచి పూసపాటి వారి చరిత్ర నిండా కత్తులే. 1757లో బుస్సీ ఫ్రెంచి సేనతో కలిసి బొబ్బిలి మీదికి వెళ్లిన పెద విజయరామరాజు, గెలిచిన కొద్ది రోజులకే తన డేరాలో తాండ్ర పాపారాయుడి చేతిలో పోయారు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని ఎదిరించి చిన విజయరామరాజు ప్రాణాలు విడిచారు. ఆ తర్వాత కత్తి పక్కకెళ్లి లెక్కల పుస్తకం ముందుకొచ్చింది. 1802 నాటి శాశ్వత బందోబస్తులో 24 పరగణాలు, 1,157 గ్రామాలు ఈ జమీందారీ కింద ఉన్నాయి. కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ ఏడాదికి 5 లక్షల రూపాయలు. పొలంలో రైతు కట్టినదాంట్లోంచి అది పోగా మిగిలిందే దివాణం. సంగీతమైనా, కాలేజీ అయినా, తర్వాత వచ్చిన క్రికెట్ అయినా దాని మీదే నిలబడ్డాయి.

కాశీ బంధం విజ్జీతో మొదలవలేదు. పద్మనాభంలో తండ్రిని పోగొట్టుకున్న నారాయణ గజపతి 1845లో కాశీలోనే కన్నుమూశారు, నెత్తి నిండా అప్పులతో. ఆయన కొడుకు విజయరామ గజపతి కూడా చాలా కాలం అక్కడ గడిపారు. అలా గంగ ఒడ్డున మన సంస్థానానికి భవనాలు, భూములు ఏర్పడ్డాయి. విజయరామ గజపతి కొడుకు ఆనంద గజపతి సంగతి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. గురజాడ 'కన్యాశుల్కం' అంకితం పుచ్చుకున్నది ఆయనే. ఆయన 1897లో సంతానం లేకుండా పోతే, దత్తత వచ్చిన మరో విజయరామ గజపతి 1919లో సంగీత కళాశాల పెట్టించారు. చూపులేని ఒక పిల్లవాడి కోసం పెట్టారని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ అక్కడే మోగింది.

ఆ విజయరామ గజపతికి ఇద్దరు కొడుకులు. పెద్దవారు అలక నారాయణ గజపతి. చిన్నవారు 1905 డిసెంబరు 28న పుట్టిన విజయానంద. పెద్దకొడుక్కి గద్దె, చిన్నకొడుక్కి 'మహారాజకుమార' బిరుదు. ఆయన్నే లోకమంతా 'విజ్జీ' అని పిలిచింది. చదువు అజ్మీర్ మేయో కాలేజీలోనూ, ఇంగ్లండులోని హెయిలీబరీలోనూ. 1922లో తండ్రి పోయాక ఆయన కాశీ ఎస్టేటుకు వెళ్లిపోయారు. అక్కడి భవనం ఆవరణలోనే మైదానం వేయించి, 1926కల్లా సొంత జట్టు తయారుచేసుకున్నారు.

1930-31లో ఉప్పు సత్యాగ్రహం ఊపు మీద ఉండగా ఇంగ్లండు ఎం.సి.సి. జట్టు వాళ్లు ఇండియా పర్యటన మానుకున్నారు. విజ్జీ తానే ఒక జట్టు కట్టి దేశమంతా, సిలోన్ దాకా తిప్పారు. అందులో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఉన్నారు. హాబ్స్‌కు అప్పటికి 48 ఏళ్లు. ప్రపంచంలో అంతకు మించిన ఓపెనింగ్ జంట లేదని పేరు. మన కుర్రాళ్లు రేడియోలో కూడా వినని ఆటను కళ్లారా చూశారు. బడి వయసు దాటని ముస్తాక్ అలీని చేరదీసి కాశీ తీసుకెళ్లిందీ విజ్జీయే. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో పెవిలియన్ ఆయన డబ్బుతో లేచింది. దానికి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరు పెట్టారు. ఇచ్చే చెయ్యి పెద్దదే. ఆ చెయ్యి ఎటు చాచి ఇస్తోందో ఈ పేరే చెబుతుంది.

1936 ఇంగ్లండు పర్యటనకు ఆయన కెప్టెన్ అయ్యారు. ఆటగాడిగా ఆ స్థాయి ఆయనకు లేదు, ఈ మాట దాచనక్కర్లేదు. మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు, సగటు 8.25. నన్ను బాధపెట్టేది ఆ లెక్క కాదు. 1932లో ఇండియా మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్ అయిన సి.కె. నాయుడు ఇదే జట్టులో ఆయన కింద ఆడారు. నాయుడి పూర్వీకులు మచిలీపట్నం వైపువారు. నాయుడి తమ్ముడు సి.ఎస్. ఉన్నారు. మద్రాసు బుచ్చిబాబు నాయుడి కొడుకు కోటా రామస్వామి ఉన్నారు. నలభై ఏళ్ల వయసులో మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 కొట్టిన మనిషి ఆయన. ఒకే జట్టులో ఇంతమంది తెలుగు మూలాలవాళ్లు కూడటం ఎంత పండగ కావాలి! కాలేదు. జట్టు విజ్జీ మనుషులు, నాయుడి మనుషులుగా చీలిపోయింది. మొదటి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను ఓడెక్కించి ఇంటికి పంపేశారు. బ్యాటింగుకు ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నవాణ్ని కాదని ఇతరులను పంపుతూ పోతే ఏ ఆటగాడికి కడుపు మండదు? సిరీస్ 2-0తో పోయింది. మాంచెస్టర్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్‌కు 203 పరుగులు జోడించడమే మిగిలిన తీపి. ఆ ముస్తాక్ విజ్జీ చేరదీసిన కుర్రాడేనని మర్చిపోలేం.

మరుసటి ఏడాది బాంబే ప్రధాన న్యాయమూర్తి బోమంట్ ఆధ్వర్యంలో విచారణ జరిగి, కెప్టెన్సీని తప్పుపట్టింది, అమర్‌నాథ్ నిర్దోషి అంది. ఆ పర్యటన నడుమనే విజ్జీకి 'సర్' బిరుదు వచ్చింది. 1947 జూలైలో ఆయన దాన్ని వదులుకున్నారు.

మా ఊళ్లో స్టేడియానికి ఆయన పేరుంది. పొద్దున్నే పిల్లలు అక్కడ సైకిళ్లు స్టాండు వేసి, మడమతో మట్టి నొక్కి గుర్తులు పెట్టుకుంటారు. పైన ఉన్న పేరు ఎవరిదో వాళ్లకు ఏ బోర్డూ చెప్పదు. నా గోడు అదే. ఆయన్ను క్రికెట్ పుస్తకాలు నవ్వులపాలు చేసి వదిలేస్తాయి, మనం పేరు రాసి వదిలేస్తాం. ఆట తెలియని రాజు ఒకడు వచ్చి జట్టును పాడుచేశాడు అంటే సగం నిజం. ఆ రాజు ఇంటి ఖర్చు ఏ పొలాల్లోంచి వచ్చిందో, ఆ ఖర్చులో దేశానికి దక్కిందేమిటో కూడా చెబితే మిగతా సగం పూర్తవుతుంది.

అన్నగారు అలక నారాయణ గజపతి 1937లో పోయారు. ఆయన కొడుకు పి.వి.జి. రాజు గారు సోషలిస్టు అయ్యారు. 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను చదువులకు ఇచ్చేశారు. ఇవాళ మా ఊరి ఆడపిల్లలు, మగపిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆ కోట నగారాఖానా గుమ్మం దాటుతారు. అదే ఏడాది ఆయన బాబాయి విజ్జీకి పద్మభూషణ్ వచ్చింది. అప్పటికి ఆయన క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా పనిచేసి దిగారు. రేడియోలో వ్యాఖ్యానం చెప్పేవారు. 1962 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. బతుకంతా కాశీలో గడిపినా ఓట్లు మాత్రం ఇక్కడి జనమే వేశారు. ఒకప్పుడు శిస్తు కట్టిన కుటుంబాల వాళ్లూ ఆ వరుసల్లో నిలబడే ఉంటారు.

ఎంపీగా ఉండగానే 1965 డిసెంబరు 2న విజ్జీ పోయారు. అరవై నిండడానికి ఇంకా 26 రోజులున్నాయి. పోయింది కాశీలోనే. నారాయణ గజపతి పోయిన 120 ఏళ్లకు, అదే గంగ ఒడ్డున.